నదికి ఇచ్చిన అప్పు

మనం ఇళ్ళలో ఉగాది పచ్చడి కలుపుకునే రోజుల్లోనే సెయింట్ లారెన్స్ నది మీద ఓడలవాళ్ళకీ కొత్త సంవత్సరం వస్తుంది. డిసెంబరు ఆఖరులో గడ్డకట్టి మూతపడిన ఆ దారి మళ్ళీ మార్చి చివరి వారాల్లో తెరుచుకుంటుంది. ఆ ఏడాది వెల్లండ్ కాలువకు మొదట చేరిన ఓడ కెప్టెనుకి పాతకాలపు పొడుగు టోపీ ఒకటి నెత్తిన పెట్టి ఫోటో తీసి మర్యాద చేయడం అక్కడి ఆచారం. పంచాంగ శ్రవణం ఒక్కటే తక్కువ!

క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, షికాగో, మిల్వాకీ, బఫెలో పరిసరాల్లో ఉండే మనవాళ్ళు సరస్సు ఒడ్డున పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు దూరంగా సముద్రపు ఓడలను చూసే ఉంటారు. సముద్రం ఎక్కడ, షికాగో ఎక్కడ? అట్లాంటిక్ నుంచి మిన్నెసోటాలోని డులూత్ దాకా దాదాపు 3,700 కిలోమీటర్లు. పైగా సుపీరియర్ సరస్సు సముద్రమట్టానికి 600 అడుగుల ఎత్తున ఉంది. అంటే ఓడ మెట్లెక్కి రావాలన్నమాట. ఆ మెట్ల గురించీ, వాటిని కట్టిన ఇంజనీర్ల గురించీ చాలా పుస్తకాలే ఉన్నాయి. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఆ మెట్లకు డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న. రెండు దేశాల మధ్య పారే నదికి ఎవరు పెట్టుబడి పెడతారు? పెట్టినవాళ్ళకి తిరిగి ఎవరు కడతారు? కృష్ణా గోదావరుల తగాదాలు వింటూ పెరిగిన మనకు ఇది కొత్త ప్రశ్న కాదు.

ముందు పిల్లల కోసం ఒక మాట. పిల్లలూ, మీ తాతయ్యది గోదావరి జిల్లా అయితే "ధవళేశ్వరం లాకులు ఎలా ఉంటాయి తాతయ్యా?" అని అడగండి. పడవ ఒక గదిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. పైనుంచి నీళ్ళు వదులుతారు. నీళ్ళతోపాటు పడవ కూడా పైకి లేస్తుంది. ముందు తలుపులు తెరుస్తారు, పడవ వెళ్ళిపోతుంది. పంపులు లేవు, మోటార్లు లేవు, అంతా నీటి బరువే. కాటన్ దొర ఆనకట్ట కట్టిన 1852 నాటికే మన కాలువలకు తెలిసిన విద్య ఇది. సెయింట్ లారెన్స్ మీద కూడా అదే విద్య, కాకపోతే గది 766 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు. మాంట్రియల్ నుంచి ఒంటారియో సరస్సు దాకా ఇలాంటి లాకులు ఏడు. అయిదు కెనడావి, రెండు అమెరికావి. ఆ తర్వాత నయాగరా జలపాతాన్ని చుట్టి వెళ్ళడానికి వెల్లండ్ కాలువలో మరో ఎనిమిది, అవన్నీ కెనడావే.

ఇక పెద్దవాళ్ళ సంగతికి వద్దాం.

ఈ నదిని ఇద్దరూ కలిసి చూసుకోవాలన్న ఒప్పందం పాతదే. 1909 జనవరిలో అమెరికా, అప్పట్లో కెనడా తరఫున బ్రిటన్, సరిహద్దు జలాల ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. సరిహద్దు నీళ్ళలో ఓడల రాకపోకలకు రెండు దేశాల ప్రజలకూ సమాన హక్కు అన్నారు. తగాదాలు తీర్చడానికి ఇంటర్నేషనల్ జాయింట్ కమిషన్ ఏర్పడింది. హక్కు అయితే వచ్చింది గాని ఓడ రావడానికి లోతు లేదు. రాళ్ళ మీద నురగలు కక్కుతూ పడే వడి ప్రవాహాలు దారికి అడ్డం. వాటిని తప్పించే పాత కాలువల్లో చిన్న ఓడలే పట్టేవి. పెద్ద దారి తవ్వుదామని 1932లో రెండు ప్రభుత్వాలూ ఒడంబడిక రాసుకున్నాయి. 1934 మార్చిలో అమెరికా సెనేట్‌లో అది ఓడిపోయింది. అనుకూలంగా 46, వ్యతిరేకంగా 42 ఓట్లు వచ్చినా మూడింట రెండు వంతులు కావాలి కనుక వీగిపోయింది. 1941లో మళ్ళీ ఒప్పందం, మళ్ళీ కాంగ్రెస్ దగ్గర ఆగిపోవడం.

అడ్డుపడింది ఎవరు? రైలు కంపెనీలు. న్యూయార్క్, బాస్టన్, బాల్టిమోర్ రేవుల వాళ్ళు. దక్షిణాన గల్ఫ్ రేవుల వాళ్ళు. మధ్య పశ్చిమాన పండే గోధుమ తమ రేవు ముఖం చూడకుండా నేరుగా సముద్రానికి పోతే వీళ్ళ బతుకుతెరువు ఏం కావాలి? ఎవరి కడుపు నొప్పి వాళ్ళది, తప్పు పట్టలేం.

చివరికి రెండు విషయాలు కలిసొచ్చాయి. మిన్నెసోటా గనుల్లో మేలురకం ఇనుప ఖనిజం తరిగిపోతూ ఉండటంతో ఉక్కు కంపెనీల కళ్ళు కెనడాలోని లాబ్రడార్ గనుల మీద పడ్డాయి. ఆ ఖనిజం రావాలంటే ఈ నదే దారి. రెండోది, కెనడా విసిగిపోయింది. 1951లో ఆ దేశం సొంతంగా ఒక సంస్థ పెట్టడానికి చట్టం చేసుకుని, మీరు వచ్చినా రాకపోయినా మా గట్టున మేమే తవ్వుకుంటాం అంది. అప్పుడు వాషింగ్టన్ ఉలిక్కిపడింది. పొరుగువాడు ఒక్కడే కట్టుకుంటే సుంకం ఎంతన్నదీ అతనే చెబుతాడు, ఏ ఓడ ముందు అన్నదీ అతనే చెబుతాడు. 1954 మే 13న అధ్యక్షుడు ఐజన్‌హోవర్ సంతకంతో వైలీ–డొండెరో చట్టం వచ్చింది. వైలీ విస్కాన్సిన్ సెనేటరు, డొండెరో మిషిగన్ ప్రతినిధి. ఇద్దరూ సరస్సుల ఒడ్డువాళ్ళే.

అయితే ఆ చట్టానికి ఓట్లు ఊరికే పడలేదు. ప్రత్యర్థుల నోరు మూయించడానికి ఒక షరతు పెట్టారు: పన్ను చెల్లించేవాడి మీద పైసా భారం పడదు, ఇది అప్పు మాత్రమే. కొత్తగా పెట్టిన సెయింట్ లారెన్స్ సీవే డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అమెరికా ట్రెజరీకి బాండ్లు రాసిచ్చి డబ్బు తీసుకోవాలి. మొదట పరిమితి పదిన్నర కోట్ల డాలర్లు, 1957లో పద్నాలుగు కోట్లకు పెంచారు. ఓడల దగ్గర సుంకం వసూలు చేసి, నిర్వహణ ఖర్చు పోను, అసలూ వడ్డీ యాభై ఏళ్ళలో తీర్చాలి. కెనడా సంస్థ కూడా తన ప్రభుత్వం దగ్గర ఇలాగే అప్పు తెచ్చుకుంది. మొత్తం ఖర్చు 47 కోట్ల 3 లక్షల డాలర్లు. అందులో కెనడా వాటా 33 కోట్ల 65 లక్షలు, అమెరికా వాటా 13 కోట్ల 38 లక్షలు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మిస్సిసిపీ, ఒహాయో నదుల మీద లాకులూ ఆనకట్టలూ కట్టింది కూడా ఇదే అమెరికా ప్రభుత్వం. కట్టింది సైనిక ఇంజనీర్లు, ఖర్చు పెట్టింది ఖజానా. సుంకం? లేదు. వడ్డీ? ఆ మాటే లేదు. అసలు 1787లో వాయవ్య భూభాగం కోసం చేసిన ఆర్డినెన్సులో మిస్సిసిపీకీ సెయింట్ లారెన్స్‌కీ చేరే జలమార్గాలు ఎప్పటికీ సుంకం లేని ఉమ్మడి రహదారులుగా ఉండాలని రాసిపెట్టారు. మిస్సిసిపీకి ఆ మాట నిలిచింది. సెయింట్ లారెన్స్ సీవే దగ్గరకు వచ్చేసరికి సుంకం మొదలైంది. సొంత నదికి కానుక, ఉమ్మడి నదికి అప్పు. నా దృష్టిలో ఈ కథలోని ముడి అంతా ఇక్కడే ఉంది. ఎందుకంటే అయోవా రైతు పండించిన గోధుమకైనా మొక్కజొన్నకైనా సముద్రానికి రెండు దారులున్నాయి. ఒకటి సరస్సుల మీదుగా సుంకం కట్టి, రెండోది మిస్సిసిపీ మీదుగా సుంకం లేకుండా. దక్షిణాదికి పోయే ఆ బార్జీలు ఇంధనం మీద కొద్దిపాటి పన్ను కట్టడం మొదలుపెట్టింది కూడా 1980లోనే.

సీవే 1959 ఏప్రిల్ 25న తెరుచుకుంది. జూన్ 26న ఎలిజబెత్ రాణి, ఐజన్‌హోవర్ కలిసి ప్రారంభోత్సవం చేశారు. సుంకం ఇద్దరూ కూర్చుని నిర్ణయించారు. మాంట్రియల్–ఒంటారియో సరస్సు భాగానికి ఓడ స్థూల టన్ను ఒక్కింటికి 4 సెంట్లు, గోధుమ, ఖనిజం లాంటి రాశి సరుకు టన్నుకు 40 సెంట్లు, ఇతర సరుకు టన్నుకు 90 సెంట్లు. వచ్చిన డబ్బులో నూటికి 71 వంతులు కెనడాకి, 29 అమెరికాకి.

మా వృత్తిలో ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఒక కాగితం రాస్తాం, ఇంత పెడితే ఇంత వస్తుంది అని. ఆ కాగితంలో అంకెలు ఎప్పుడూ పెళ్ళిచూపులప్పటి అమ్మాయిలా అబ్బాయిలా ముచ్చటగానే ఉంటాయి. అలవాటు కొద్దీ దీనికీ ఒక మోటు లెక్క వేసి చూశాను. 12,000 స్థూల టన్నుల ఓడ ఒకటి 20,000 టన్నుల గోధుమ వేసుకుని వెళ్ళిందనుకోండి. ఓడకి 480 డాలర్లు, సరుకుకి 8,000. మొత్తం 8,480. అందులో అమెరికా వాటా సుమారు 2,460 డాలర్లు. అప్పు మీద వడ్డీ నూటికి 3 చొప్పునే వేసుకుందాం. 13 కోట్ల 38 లక్షల మీద ఏడాదికి 40 లక్షల డాలర్లు. అంటే వడ్డీ ఒక్కదానికే ఇలాంటి ఓడలు 1,600 పైచిలుకు కావాలి, మూడు కోట్ల పాతిక లక్షల టన్నుల సరుకు కావాలి. అసలు సంగతి పక్కన పెట్టండి, లాకులు తెరిచే మనుషుల జీతాలు కూడా పక్కన పెట్టండి. మొదటి సంవత్సరం రెండున్నర కోట్ల టన్నులు వస్తాయని ఆశించారు. వచ్చింది రెండు కోట్ల పైచిలుకు. పిల్లలు కూడా కూడికలు తీసివేతలతో తేల్చగల లెక్క ఇది. అన్ని లెక్కలు తెలిసిన పెద్దలకు తెలియలేదని నేను అనుకోను. తెలిసే ఓటు వేశారేమో.

తర్వాత వచ్చిన దెబ్బ మాత్రం ఎవరూ ఊహించనిది. 1956లో మాల్కం మెక్లీన్ అనే ట్రక్కుల వ్యాపారి ఒక ఓడ మీద 58 ఇనుప పెట్టెలు ఎక్కించి న్యూ జెర్సీ నుంచి టెక్సాస్ పంపించాడు. ఆ పెట్టెలే ఇవాళ్టి కంటైనర్లు. సీవే తవ్వకాలు జరుగుతున్న రోజుల్లోనే దాని ఆశల మీద నీళ్ళు చల్లే సంగతి ఇంకో రేవులో మొదలైందన్నమాట. కంటైనర్లు వచ్చాక ఓడలు పెరిగిపోయాయి, సీవే గది మాత్రం 80 అడుగుల వెడల్పు దగ్గరే ఆగిపోయింది. రేవులో దిగిన పెట్టె నేరుగా రైలెక్కి రోజుల్లో షికాగో చేరుతుంటే, చలికాలం మూడు నెలలు మూతపడే దారి కోసం ఎవరు ఎదురుచూస్తారు? టన్నుకు 90 సెంట్లు తెచ్చిపెట్టే ఖరీదైన సరుకు అలా జారిపోయింది. మిగిలింది గోధుమ, ఖనిజం, ఉక్కు, ఉప్పు, సిమెంటు.

అప్పు తీరలేదు. 1970లో అమెరికా కాంగ్రెస్ వడ్డీ మాఫీ చేసింది. 1977లో కెనడా తన సంస్థకిచ్చిన అప్పుని వాటా మూలధనంగా మార్చేసింది, అంటే ఇక తిరిగి అడగనంది. 1982లో అమెరికా మిగిలిన సుమారు 11 కోట్ల డాలర్ల అసలు కూడా కొట్టేసింది. 1986 చట్టంతో రేవుల నిర్వహణకు సరుకు విలువ మీద ఒక పన్ను వచ్చింది. 1987 నుంచి అమెరికా తన వాటా సుంకాన్ని ఓడలకు వాపసు ఇస్తూ వచ్చి, 1994లో పూర్తిగా ఎత్తేసింది. కెనడా ఇప్పటికీ వసూలు చేస్తోంది. 1998 నుంచి కెనడా వైపు నిర్వహణను లాభాపేక్ష లేని సంస్థ ఒకటి చూస్తోంది. అమెరికా సంస్థ పేరుకి 2020 డిసెంబరులో ముందు 'గ్రేట్ లేక్స్' అన్న మాట చేరింది.

అయితే ఎగ్గొట్టారా? మా పిల్లవాడి వయసువాళ్ళు సూటిగా ఇదే అడుగుతారు. బ్యాంకు లెక్కలో అయితే ఎగ్గొట్టినట్టే. కానీ ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే ప్రభుత్వం కనుక, ఒక జేబులోంచి తీసి రెండో జేబులో పెట్టిన వ్యవహారం. నాకు అభ్యంతరం మాఫీ మీద కాదు. తీరదని చూచాయగా తెలిసిన అప్పుని తీరుతుందని చెప్పి ఓటు అడగడం మీద. మిస్సిసిపీకి పెట్టినట్టే దీనికీ పెడుతున్నాం అని 1954లో నేరుగా చెప్పి ఉండవచ్చు. అలా చెబితే చట్టం గట్టెక్కేది కాదు, నిజమే.

అప్పు వల్ల ఒక మేలు జరిగింది, అదీ చెప్పాలి. ఇద్దరికీ బాకీ ఉంది కాబట్టి ఇద్దరూ ఒకే లెక్క పుస్తకం చూడాల్సి వచ్చింది. ఏ ఓడలో ఎన్ని టన్నులు ఉన్నాయన్నది ఇద్దరూ ఒప్పుకోవాలి. సుంకం మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. 1967లో 71–29 వాటా 73–27 అయింది, అదీ మాట్లాడుకునే. దారి ఏ రోజున తెరవాలి, ఏ రోజున మూయాలి, ఎంత లోతు మునిగే ఓడను రానివ్వాలి అన్నవి ఇవాళ్టికీ కలిసి ప్రకటిస్తారు. అప్పు పోయింది గాని దాని కోసం పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి మిగిలిపోయింది. పాత సిస్టం తీసేశాక కూడా దాని కోసం రాసిన ఇంటర్‌ఫేస్ ఏళ్ళ తరబడి నడుస్తున్నట్టు!

నది కోసం తెచ్చిన అప్పు ఎక్కడా తీరదా అంటే, అలా కూడా కాదు. 1856 పారిస్ సంధి తర్వాత యూరప్ దేశాలు డాన్యూబ్ నది ముఖద్వారాన్ని చూసుకోవడానికి ఒక కమిషన్ పెట్టాయి. నల్ల సముద్రంలో కలిసే సులీనా దగ్గర ఇసుక మేటలు వేసి ఓడలు ఇరుక్కునేవి. చార్లెస్ హార్ట్‌లీ అనే ఆంగ్ల ఇంజనీరు సముద్రంలోకి గోడలు కట్టి, నది తన వేగంతోనే ఇసుకను నెట్టుకుపోయేటట్టు చేశాడు. 1868లో ఆ కమిషన్‌కి 1,35,000 పౌన్ల అప్పుకి బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రియా, టర్కీ వగైరా ప్రభుత్వాలు హామీ ఉన్నాయి. ఆ అప్పు ఓడల సుంకంతోనే తీరింది. తేడా ఎక్కడుంది? సులీనాకు పక్కన సుంకం లేని మిస్సిసిపీ లేదు. నల్ల సముద్రానికి పోయే పెద్ద ఓడకి ఆ గుమ్మమే గతి.

మన రాయలసీమ అనుభవం ఇంకో రకం. 1850ల చివర మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీకి పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద నూటికి 5 వడ్డీ గ్యారంటీ ఇచ్చింది అప్పటి ప్రభుత్వం. సేద్యానికీ పడవల రవాణాకీ పనికొచ్చేలా సుంకేసుల నుంచి కర్నూలు–కడప కాలువ, అదే మన కె.సి. కెనాల్, తవ్వాలన్నది ప్రణాళిక. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారుకి 5 వంతులు ఖాయం అయ్యాక ఖర్చు అదుపులో పెట్టే అక్కర ఎవరికి? చివరికి 1882లో ప్రభుత్వమే డబ్బిచ్చి కాలువను కొనుక్కుంది. ఇవాళ అందులో పడవలు లేవు, నీళ్ళు మాత్రం పారుతున్నాయి, కర్నూలు కడప జిల్లాల్లో వరి పండుతోంది. పెట్టుబడిదారుడి లెక్కలో నష్టం, రైతు లెక్కలో అన్నం. ఏ లెక్క రాయాలో మీరే చెప్పండి.

ఇప్పటి మాటకొస్తే, 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చట్టంలోనే కృష్ణాకీ గోదావరికీ చెరో యాజమాన్య బోర్డు రాశారు. 2021 జులైలో కేంద్రం గెజిట్ ఇచ్చింది. ప్రాజెక్టులు బోర్డులకు అప్పగించాలి, నడవడానికి మొదటి పెట్టుబడిగా ఒక్కో రాష్ట్రం ఒక్కో బోర్డుకి 200 కోట్ల రూపాయలు జమ చేయాలి అని. ఇంజనీర్లు ఉన్నారు, చట్టం ఉంది, నదికి కొదవ లేదు. జమ దగ్గర, అప్పగింత దగ్గర పేచీ వచ్చింది. కేంద్రం ఆ డబ్బుని తానే అప్పుగా ఇచ్చి, ఇద్దరి పేరా ఒకే లెక్క రాసి ఉంటే ఎలా ఉండేదో అని ఈ సీవే కథ చదువుతున్నప్పుడు అనిపించింది. సుంకాలు లేని సాగునీటి నదికి తిరిగి కట్టేది ఎవరు అంటే, మళ్ళీ మొదటికే వస్తాం అనుకోండి.

డబ్బు లెక్కల్లోకి రాని ఖర్చు ఒకటుంది. సీవేతోపాటే అక్కడ పెద్ద జలవిద్యుత్ ఆనకట్ట కట్టారు. దాని పెట్టుబడి న్యూయార్క్ రాష్ట్రపు విద్యుత్ సంస్థా, ఒంటారియో విద్యుత్ సంస్థా చెరిసగం పెట్టాయి. కరెంటు అమ్ముకుని తీర్చుకోవచ్చు కనుక అక్కడ అప్పు గొడవే లేదు. కానీ ఆ ఆనకట్ట వెనక జలాశయం కోసం ఒంటారియో వైపు కార్న్‌వాల్ దగ్గర వరసగా ఊళ్ళు ఖాళీ చేయించారు. సుమారు 6,500 మంది. 500 పైచిలుకు ఇళ్ళను పునాదుల నుంచి ఎత్తి, ఎత్తయిన చక్రాల బండ్ల మీద కొత్త ఊళ్ళకు మోసుకుపోయారు. అల్మారాలో గిన్నెలు కూడా సర్దనక్కర్లేదన్నారట, అంత కుదురుగా నడిచాయట ఆ బండ్లు. 1958 జులై 1న, సరిగ్గా కెనడా జాతీయ దినం నాడు, అడ్డుకట్ట పేల్చి నీళ్ళు వదిలారు. నాలుగైదు రోజుల్లో ఆల్ట్స్‌విల్, మిల్ రోచెస్, డికిన్సన్స్ లాండింగ్ లాంటి ఊళ్ళు సరస్సు అడుగున చేరాయి. మాంట్రియల్ పక్కన కానవాకే మోహాక్ జాతివాళ్ళు వెయ్యి ఎకరాలకు పైగా పోగొట్టుకున్నారు. నది ఒడ్డున పుట్టి నదిలో ఈత నేర్చుకున్న ఊరికీ నదికీ మధ్య ఓడల కాలువ వచ్చి పడింది. ఎగువన ఆక్వసాస్నే మోహాక్‌లదీ ఇదే కథ. ట్రెజరీకి రావలసిన 11 కోట్ల డాలర్లను కాంగ్రెస్ ఒక్క చట్టంతో మాఫీ చేసింది. వీళ్ళకు రావలసినదానికి బాండు కాగితం లేదు.

సరస్సుల్లో చేరిన జీబ్రా ఆల్చిప్పల సంగతీ అంతే. సముద్రపు ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీళ్ళతో వచ్చిన ఆ చిన్న ప్రాణి 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనపడింది. ఇవాళ సరస్సుల చుట్టూ ఊళ్ళవాళ్ళ నీటి గొట్టాల్లో పేరుకుపోయి కూర్చుంటోంది. గొట్టాలు శుభ్రం చేసే ఖర్చు నీటి బిల్లులో చేరుతుంది, ఏ సుంకంలోనూ రాదు.

నీటిమట్టం తగాదా కూడా ఇంకా నడుస్తోంది. ఆనకట్ట దగ్గర ఎంత వదలాలన్నది 1909 నాటి కమిషన్ నిర్ణయిస్తుంది. 2017 జనవరిలో కొత్త పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ వసంతంలోనే ఒంటారియో సరస్సు పొంగింది, 2019లో మళ్ళీ పొంగింది. ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళు కమిషన్‌ని తిట్టారు. వానలు ఎక్కువ పడ్డాయి, ఆటవా నది పోటెత్తింది, మేమేం చేయం అంది కమిషన్. న్యూయార్క్ రాష్ట్రం కోర్టుకి వెళ్ళింది. ఎక్కువ వదిలితే దిగువన మాంట్రియల్ మునుగుతుంది, ఓడలు ఆగుతాయి. తక్కువ వదిలితే ఎగువన రాచెస్టర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. శ్రీశైలం గేట్లు ఎత్తే రోజున మన టీవీల్లో వినపడే మాటలే, యాస వేరు.

ఈ వేసవిలో వెయ్యి దీవులు, మాంట్రియల్ వైపు వెళ్ళే కుటుంబాలు న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర కొసన మసీనా ఊరి దగ్గర ఐజన్‌హోవర్ లాకు చూసి వెళ్ళండి. ఓడ పైకి లేస్తుంటే పక్కనే నిలబడి చూడవచ్చు, నలభై అడుగుల దాకా లేస్తుంది. అక్కడ రోడ్డు లాకు కిందుగా సొరంగంలోంచి పోతుంది. కారు కింద, ఓడ పైన! పిల్లలు వెనక సీట్లోంచి మళ్ళీ ఒకసారి వెళ్దాం అని గొడవ చేస్తే నన్ను అనకండి. ఓడ ఎప్పుడొస్తుందో ముందు కనుక్కుని వెళ్ళడం మేలు, లేకపోతే ఖాళీ గది చూసి రావాలి.

అక్కడినుంచి వంతెన దాటితే కార్న్‌వాల్. ఆ వంతెన కూడా రెండు దేశాలదీ ఉమ్మడి ఆస్తే, మధ్యలో దిగే దీవి మోహాక్‌లది. కార్న్‌వాల్ నుంచి పడమరగా కొద్ది మైళ్ళు వెళితే లాంగ్ సూ దగ్గర మునిగిన ఊళ్ళ మ్యూజియం ఉంది. ఆ ఊళ్ళ నుంచి తరలించిన కొన్ని పాత కట్టడాలు అందులో ఉన్నాయి. ఒడ్డున పాత రెండో నంబరు రోడ్డు ముక్క ఒకటి నేరుగా నీళ్ళలోకి దిగిపోతూ కనపడుతుంది. శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడటం చూసిన కర్నూలువాళ్ళు అక్కడ కాసేపు నిలబడిపోతారు. పాస్‌పోర్టులు మరచిపోకండి, గ్రీన్ కార్డు రానివాళ్ళు కెనడా వీసా సంగతి ముందే చూసుకోండి.